కార్డిచ్చాం కదా!

ఉద్యోగుల ఖర్చుల కోసం కంపెనీ కొత్త కార్డు ఎంచుకోబోతోందంటే, ఆ సమావేశానికి ఎవరెవరు వస్తారో ఒకసారి చూడండి. ఫైనాన్స్ పెద్దాయన వస్తారు. హెచ్ఆర్ మేడమ్ వస్తారు. ఐటీ నుంచి ఒకాయన వచ్చి 'ఇంటిగ్రేషన్' అన్న మాట పదేపదే అని వెళ్తారు. కార్డు అమ్మవచ్చిన కుర్రాడు తెర మీద రంగురంగుల డ్యాష్‌బోర్డు తిప్పి చూపిస్తుంటాడు. రానివాళ్లల్లా ఆ కార్డు జేబులో పెట్టుకుని ఊళ్లు తిరగాల్సినవాళ్లే. సరిగ్గా ఆ వేళకి సేల్స్ అబ్బాయి సత్తుపల్లిలో డీలర్ ఎదురుగా కూర్చుని పాత బాకీ అడుగుతుంటాడు. సర్వీస్ ఇంజనీరు పాడేరు ఆస్పత్రిలో ఎక్స్‌రే మిషను విప్పుకుని ఉంటాడు. వాళ్లను పిలవకపోవడమే మంచిది. పిలిస్తే 'ఇది మా వైపు మెస్సుల్లో తీసుకుంటారాండీ?' అని అడిగి అంత చక్కటి డెమోని పాడుచేస్తారు.

ఎంపికకు కొలమానాలు చాలా గంభీరంగా ఉంటాయి. ఒక కార్డు లోహంతో చేశారట, బల్ల మీద పడేస్తే ఠంగుమంటుందట. ఇంకోదానికి విమానాశ్రయంలో లాంజ్ ఉచితం. సత్తుపల్లి బస్టాండులో లాంజ్ లేదన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టదు, ఆ గదిలో సత్తుపల్లి బస్సెక్కేవాళ్లు లేరు కాబట్టి. రివార్డు పాయింట్లు ఎవరి ఖాతాలో పడతాయన్న ప్రశ్న మాత్రం ఎవరో ఒకరు నవ్వుతూ అడిగే తీరతారు.

ఈ కార్డుల వంశమే అంత. 1950లో న్యూయార్క్‌లో డైనర్స్ క్లబ్ మొదలైంది రెస్టారెంట్లలో అతిథులకు విందులిచ్చే వ్యాపారుల సౌకర్యం కోసం. విందులిచ్చేవాళ్ల కోసం పుట్టిన వస్తువుని మనం మెస్సులో తినేవాడి చేతికిచ్చి, వాడుకోవడం చేతకాలేదని వాణ్ణి తిడుతున్నాం.

పాడేరులో మన ఇంజనీరు భోజనం చేశాడనుకుందాం. గోడ మీద స్కానర్ ఉంది. యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు మీద 2020 జనవరి నుంచి దుకాణదారుకు రుసుము లేదు. క్రెడిట్ కార్డు గీకితే మాత్రం బ్యాంకు తన ముక్క తీసుకున్నాకే మిగతాది ఇస్తుంది. మెస్సు యజమాని ఎంబీఏ చదవలేదు గాని లెక్క తెలిసినవాడు. 'మిషను పనిచెయ్యట్లేదు సార్, ఫోన్‌పే కొట్టండి' అంటాడు. ఆ మిషను ఏనాడూ పనిచెయ్యదు. పనిచెయ్యకూడదనే దాన్ని గల్లాపెట్టె కింద పెట్టాడు. రూపే క్రెడిట్ కార్డునైతే 2022 నుంచి యూపీఐకి కలుపుకోవచ్చు నిజమే, కానీ గోడ మీద ఉన్నది ఆయన సొంత ఖాతా స్కానర్ అయితే అదీ చెల్లదు. పైగా మనవాడికి ఇచ్చింది ఠంగుమనే కార్డు.

కాబట్టి మనవాడు సొంత ఖాతాలోంచే కొడతాడు. భోజనం, ఆటో, టీ, గిరాకీ ఉన్న రోజున లాడ్జి అడ్వాన్సు కూడా. నెల తిరిగేసరికి కొన్ని వేలు జీతంలోంచి కంపెనీకి వడ్డీలేని అప్పుగా పోతాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ సొమ్ముతోనే కంపెనీ 'మాది క్యాష్‌లెస్ సంస్థ' అని చెప్పుకుంటుంది. డబ్బు వెనక్కి రావాలంటే యాప్‌లో బిల్లు ఫొటో పెట్టాలి. ఆటో అబ్బాయిని బిల్లడిగితే ఏమంటాడో ఆ యాప్ తయారుచేసినవాడు ఒక్కసారి స్వయంగా వినాలి. పాత రోజుల్లో టీఏ బిల్లు రాసిస్తే క్యాషియర్ గారు కళ్లజోడు సవరించుకుని కొంత కోసేవారు. ఇప్పుడు కళ్లజోడు లేకుండానే కోస్తారు: 'బిల్లు అస్పష్టం, తిరస్కరించడమైనది.' క్యాషియర్ గారితో కనీసం పోట్లాడే వీలుండేది.

ఇక నియంత్రణ. కార్డు అమ్మేవాడి గొంతు ఇక్కడికొచ్చేసరికి కాస్త తగ్గుతుంది, రహస్యం చెబుతున్నట్టు. 'మీ వాళ్లు ఎక్కడ ఖర్చుపెట్టాలో మీరే తాళం వెయ్యొచ్చు సార్.' కార్డు తీసుకునే ప్రతి దుకాణానికీ వ్యాపారాన్ని బట్టి నాలుగంకెల కోడ్ ఉంటుంది. రెస్టారెంటుకి 5812, బారుకి 5813. రెండోదానికి తాళం వేస్తే సంస్థ పరువు నిలిచిందన్నమాట. మన మండల కేంద్రాల్లో కాస్త ఏసీ, కాస్త శుభ్రం ఉన్న భోజనశాల బోర్డు మీద చాలాసార్లు 'బార్ అండ్ రెస్టారెంట్' అనే ఉంటుందని ఆ కోడ్‌కి ఎవరు చెప్పాలి? ఫ్యామిలీ హాల్లో కూర్చుని పెరుగన్నం తిన్న అబ్బాయి కార్డు సర్వరు ముందు తిరగబడుతుంది. మర్నాడు మేనేజరుకి ఈమెయిలు: మీ ఉద్యోగి నిషిద్ధ విభాగంలో లావాదేవీకి ప్రయత్నించాడు. అదే రాత్రి మాదాపూర్ స్టార్ హోటల్లో పెద్దసారు గది బిల్లులో చేరిన స్కాచి మాత్రం 7011 కింద, అంటే బస కింద, చల్లగా వెళ్లిపోతుంది. పెరుగన్నం దొరికిపోయింది, స్కాచి బసచేసింది.

తర్వాత జీఎస్టీ మంత్రం. 'ప్రతి బిల్లు మీదా కంపెనీ జీఎస్టీ నంబరు వేయించండి, పన్ను వెనక్కొస్తుంది' అని ఊరూరా తిరిగే కుర్రాళ్లకు సర్క్యులర్ వస్తుంది. భోజనం మీద కట్టిన పన్నుకి మామూలు కంపెనీకి క్రెడిట్ ఇవ్వనని జీఎస్టీ చట్టం 17(5)లో చెప్పనే చెప్పింది. హోటలు గదిదీ చిత్రమే. గది ఎక్కడుందో పన్ను ఆ రాష్ట్రానిది. తెలంగాణలో మాత్రమే నమోదైన కంపెనీ మనిషి విజయవాడలో పడుకుంటే, కట్టే రాష్ట్ర పన్ను ఆంధ్రప్రదేశ్‌ది, దాంతోపాటు కేంద్ర పన్నూ ఉంటుంది. హైదరాబాద్ కంపెనీ ఖాతాలోకి ఆ రెండూ రావు. ఈ సంగతి ఫైనాన్స్ శాఖకి తెలియదని నేననుకోను. తెలిసీ, రిసెప్షన్ దగ్గర పదిహేనక్షరాల నంబరు ఒక్కో అక్షరం పలుకుతూ నిలబడ్డ ఆ పిల్లాడికి చెప్పదు. వాడికి క్రమశిక్షణ అలవడాలి కదా.

అమ్మేవాడు చెప్పనివి ఒప్పందం చివరి పేజీల్లో ఉంటాయి. కొన్ని కార్పొరేట్ క్రెడిట్ కార్డుల్లో బాకీకి కంపెనీతోపాటు ఉద్యోగి కూడా బాధ్యుడు. కంపెనీ ఆలస్యం చేస్తే బ్యాంకువాళ్ల ఫోను వచ్చేది ఇంజనీరుకి. ప్రీపెయిడ్ కార్డయితే ఆ బెడద లేదు, కాకపోతే శుక్రవారం సాయంత్రం డబ్బు నింపడం మర్చిపోతే శని, ఆదివారాలు అది తలుపు గొళ్లెం తియ్యడానికి పనికొస్తుంది. బ్యాంకులు కాని సంస్థల ప్రీపెయిడ్ కార్డుల్లో అప్పు డబ్బు నింపకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 జూన్‌లో చెప్పాక, అలాంటి అప్పు కార్డులు ఇచ్చిన కొత్త సంస్థలు ఉన్నపళంగా దారి మార్చుకోవాల్సి వచ్చింది.

ఇన్ని తిప్పలూ ఎందుకంటే, నమ్మకమట. 'మా ఉద్యోగులకు స్వేచ్ఛ ఇచ్చాం' అంటారు. చేతికి కార్డిచ్చి, దానికి కోడ్‌తో తాళం వేసి, తిన్న ఇడ్లీ ఫొటో అడిగేదాన్ని స్వేచ్ఛ అంటే, అనుమానాన్ని ఏమంటారో హెచ్ఆర్ వారే సెలవివ్వాలి. విమానం టిక్కెట్లకి, పెద్ద హోటళ్లకి, సాఫ్ట్‌వేర్ చందాలకి కార్డు బ్రహ్మాండమే, కాదనను. ఆ పనికి ఆఫీసులో నలుగురి దగ్గరుంటే చాలు. తిరిగేవాడికి కావలసింది బయల్దేరే ముందురోజు ఖాతాలో పడే అడ్వాన్సు.

రోజుకింతని ఇచ్చేసి బిల్లు అడక్కుండా ఉండటం జరిగే పనేనా అని ఫైనాన్స్ పెద్దాయన నవ్వుతారేమో. జరుగుతోంది, అదీ భారత ప్రభుత్వంలో. ఏడో వేతన సంఘం తర్వాత 2017లో కేంద్రం తన ఉద్యోగుల పర్యటన భోజనాలకు బిల్లులు అడగడం మానేసింది. అప్పటి లెక్కన కిందిస్థాయికి రోజుకి 500, పైస్థాయికి 1200. పన్నెండు గంటలు దాటి బయటుంటే మొత్తం, తక్కువైతే ఆ మేరకు. వోచరు అక్కర్లేదని ఉత్తర్వులోనే రాశారు. కాగితం లేనిదే కదలదని మనం తిట్టుకునే సర్కారు ఇడ్లీ విషయంలో మనిషి మాట నమ్ముతోంది. కృత్రిమ మేధ ఉన్న ప్రైవేటు కంపెనీ ఫొటో అడుగుతోంది. సర్కారు కొలువుల కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు ఊరికే నిండుతున్నాయా మరి!