అప్పు దాచమనే సలహాలు

అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతి) కావలసిన ఉద్యోగం వచ్చిందనగానే సలహాలు చెప్పేవాళ్లు చుట్టూ చేరతారు. అక్కడి పౌరసత్వం తీసుకుని డిఫెన్స్ కాంట్రాక్టు కంపెనీల్లో చేరే మన తెలుగువాళ్లకూ ఈ బెడద తప్పదు. అప్పుల విషయంలో ఈ సలహాదారులు చెప్పే మాటలు కొన్ని కొంప ముంచుతాయి.

‘పాత బాకీ రాయకు, ఎవరు చూడొచ్చారు?’ అన్నిటికన్నా చెడ్డ సలహా ఇదే. క్లియరెన్స్ కోసం నింపాల్సిన ఎస్‌ఎఫ్-86 ఫారంలో 26వ సెక్షన్ అంతా డబ్బు గురించే. గత ఏడేళ్లలో ఏదైనా బాకీ గడువు 120 రోజులు దాటిందా, కలెక్షన్ ఏజెన్సీకి పోయిందా, పన్ను రిటర్ను వేయకుండా వదిలేశారా, అద్దె కట్టనందుకు ఇల్లు ఖాళీ చేయించారా అని విడివిడిగా అడుగుతారు. ఎలాగూ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుంటారు. మీరు ‘లేదు’ అన్న ఆసుపత్రి బిల్లు అందులో బయటపడిందంటే, ఇక విచారణ బిల్లు మీద కాదు, మీ మాట మీద జరుగుతుంది. బిల్లుకు కారణం చెప్పుకోవచ్చు, అబద్ధానికేం చెబుతారు? తెలిసి తప్పు రాయడం ఫెడరల్ నేరం కూడా.

‘దివాలా తీశావా, ఇక ఆశ వదులుకో’ అని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. అది నిజం కాదు. 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న క్లియరెన్స్ నియమాల్లో ఆర్థిక వ్యవహారాలకు సంబంధించినది ‘గైడ్‌లైన్ ఎఫ్’. ఉద్యోగం పోవడం, జబ్బు చేయడం, విడాకులు కావడం వంటివి మన చేతిలో లేనివని అది ఒప్పుకుంటుంది. ఆ కష్టంలో మీరు బాధ్యతగా నడుచుకున్నారా అన్నదే ముఖ్యం. అప్పుల గురించి ప్రభుత్వం ఇంత పట్టుగా అడగడానికి కారణం ఉంది. సీఐఏలో పనిచేసిన ఆల్డ్రిచ్ ఏమ్స్ అప్పుల్లో కూరుకుపోయి 1985లో సోవియట్ యూనియన్‌కు రహస్యాలు అమ్మడం మొదలుపెట్టాడు. 1994లో గానీ దొరకలేదు.

‘నోటీసు వచ్చాక కడదాంలే’ అనేది మరో మాట. క్లియరెన్స్‌పై అభ్యంతరాలు చెబుతూ ప్రభుత్వం పంపే నోటీసు అందాకే మొదలైన చెల్లింపులకు విలువ తక్కువని రక్షణ శాఖ విచారణ జడ్జీల తీర్పుల్లో తరచూ కనిపిస్తుంది. అంతకుముందే అప్పిచ్చినవాళ్లతో మాట్లాడి, నెలకు 50 డాలర్లయినా కడుతూ, రసీదులు తేదీలవారీగా ఫైలులో పెట్టుకున్న మనిషి మాట నిలబడుతుంది.

‘ఊళ్లో లెక్కలు ఊళ్లోనే’ అని కూడా అంటారు. ఇండియాలో మీ పేరున ఉన్న పొలం, బ్యాంకు ఖాతా, అక్కడి పౌరులైన అమ్మానాన్నలకు పంపే డబ్బు గురించి కూడా 20ఎ సెక్షన్‌లో అడుగుతారు. ఇవి ఉండటం తప్పేమీ కాదు. దాచితేనే ముప్పు.

ఫారం ముట్టుకునే ముందు మూడు క్రెడిట్ బ్యూరోల నుంచీ ఉచితంగా వచ్చే మీ రిపోర్టులు తెప్పించి, ఒక్కో పద్దూ చదవండి. మీది కాని బాకీ కనిపిస్తే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. మీదైతే ఉన్నది ఉన్నట్టు రాయండి.