రంగులు మంచిగొస్తయి సార్

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి, చెప్పుల దుకాణం పక్క సందులో రెండంతస్తులు ఎక్కితే ఇంజనీరింగ్ పరిశోధన జరిగే చోటు వస్తుంది. కింద అద్దాల్లో చీరలు, పైన అద్దాల్లో ప్రాజెక్టులు. మా మేనల్లుడు మెకానికల్ ఫైనలియర్. వాణ్ణి నేను తీసుకెళ్లానని ఇంట్లో చెప్పుకున్నాను గానీ నిజానికి వాడే నన్ను తీసుకెళ్లాడు. డబ్బు కట్టేవాడు పక్కన ఉండాలి కదా.

కౌంటర్ దగ్గరి కుర్రాడు అడిగిన మొదటి మాట: "రెడీమేడ్ కావాల్నా సార్, కుట్టియ్యాల్నా?"

రెడీమేడ్ అంటే నిరుడు ఎవరో కట్టి విడిచింది. కుట్టించడమంటే అదే బట్టకు మన కాలేజీ పేరు అంచు వేయడం. లామినేషన్ చేసిన జాబితా ఒకటి మా ముందు పడేశాడు. మొదటి పేజీ నిండా కనెక్టింగ్ రాడ్డే. అల్యూమినియం కనెక్టింగ్ రాడ్డు, ఉక్కు కనెక్టింగ్ రాడ్డు, కార్బన్ ఫైబర్ కనెక్టింగ్ రాడ్డు. పిస్టన్‌కూ క్రాంక్‌కూ మధ్య నోరెత్తకుండా బతికే ఆ కడ్డీ మీద మా తూర్పు హైదరాబాదులో జరిగినంత విచారణ మహాభారతం మీద కూడా జరిగి ఉండదు.

"ఆన్సిస్‌ల చేసిస్తం. రంగులు మంచిగొస్తయి సార్," అని తెర మీద చూపించాడు. రాడ్డు మెడ దగ్గర ఎరుపు, దిగువన పసుపు, ఆపైన ఆకుపచ్చ, చివర నీలం. "ఎర్ర జాగ జర పెద్దగుంటే ఎక్స్‌టర్నల్ సార్ ఖుష్."

ఈ విద్య పేరు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి, ఆన్సిస్ అది చేసిపెట్టే సాఫ్ట్‌వేర్. వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు లెక్క కట్టి, మళ్లీ అన్నిటినీ కూర్చి, ఎక్కడ విరుగుతుందో ముందే చెబుతారు. 1950ల్లో బోయింగ్ కంపెనీవాళ్లు విమానం రెక్కల లెక్క తేలక తల పట్టుకున్నప్పుడు రూపు కట్టింది. 1960లో రే క్లఫ్ దానికి ఆ పేరు పెట్టాడు. ఇందులో ఒక నియమం ఉంది. జవాబు మారడం ఆగేదాకా ముక్కల్ని ఇంకా ఇంకా చిన్నవి చేసి చూడాలి. "మెష్ ఎంతదాకా చిన్నది చేసి చూశారు?" అని అడిగాను. చీరల కొట్లో దారం ఏ మిల్లుదని అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు. "అది ఆటోమేటిగ్గ వస్తది సార్."

అలాగని ఆ నియమం మనవాళ్లకు తెలియదనుకుంటే పొరపాటు. రాడ్డుకు కాదు, పరిశోధనకే అన్వయించారు. అల్యూమినియం ఒక పేపరు, ఉక్కు ఒక పేపరు, రెండింటినీ పోలిస్తే మూడో పేపరు, మూడింటినీ సమీక్షిస్తే నాలుగోది. ముక్క చిన్నదయ్యే కొద్దీ ప్రమోషన్ దగ్గరవుతుంది. 2010లో యూజీసీ అధ్యాపకులకు పాయింట్లు పెట్టింది. అప్పట్లో పాఠం చెప్పినందుకూ పాయింట్లుండేవి గానీ వాటికి మొదట ఎవరి మార్కులు వారే వేసుకోవాల్సి వచ్చేది. పేపరుకైతే కాగితం చూపించవచ్చు. చూపించగలిగేదే పెరుగుతుంది, కల్తీ పాలవాడికి కూడా తెలుసు నురగ విలువ.

ఇంగ్లీషు సార్ల బాధ వేరు. వాళ్లకు రాడ్డు లేదు, పిల్లలున్నారు. మనిషి అభిప్రాయాన్ని కొలవడానికి 1932లో రెన్సిస్ లికర్ట్ ఐదు మెట్ల నిచ్చెన ఒకటి కట్టాడు, 'గట్టిగా ఒప్పుకుంటాను' నుంచి 'అస్సలు ఒప్పుకోను' దాకా. ఆ నిచ్చెన ఇప్పుడు సాగర్ రోడ్డు పొడవునా వేసి ఉంది. అరవై కాగితాలు పంచుతారు. కాలేజీ బస్సు హారన్ కొట్టేలోపు నింపాలి. ముందు బెంచీవాడు మూడో గడిలో టిక్కు పెడితే వెనక గోడ దాకా మూడే. తేలిందేమిటంటే, పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు మాట్లాడ్డానికి జంకుతున్నారు. వాళ్లలో ఒకణ్ణి పిలిచి "ఏం బాబూ" అన్నా తేలేది. చివర్న సూచన: పిల్లల చేత మాట్లాడించే పద్ధతిలో బోధించాలి. అది రాసిన సారు మర్నాడు క్లాసుకు వెళ్లి నోట్సు డిక్టేట్ చేస్తాడు.

ఇంగ్లీషు ఎలా నేర్పాలో తేల్చమని 1958లోనే ఈ నగరంలో ఒక కేంద్ర సంస్థ పెట్టారు. ఇవాళ ఇఫ్లూ అంటున్నది దాన్నే. అది తార్నాక వైపుంది. ఇటు చైతన్యపురి హాస్టల్లో సూర్యాపేట పిల్లవాడూ శ్రీకాకుళం పిల్లవాడూ ఒకే గదిలో పడి, మొదటి నెల ఒకరి తెలుగు ఒకరికి అందక, నాలుగో నెలకు టీ కొట్టు దగ్గర హిందీలో బేరమాడుతూ, ఇంటర్వ్యూకు ఇంగ్లీషులో అబద్ధాలాడే స్థాయికి వస్తారు. ఏ పద్ధతిలో నేర్చుకున్నారని ఎవరూ అడగలేదు. ఆ జవాబుకు టిక్కు పెట్టే గడి లేదు మరి.

మళ్లీ దుకాణానికి వస్తే, లోపలి గదిలో పీహెచ్‌డీ విభాగం. గోడ మీద 'ప్లేజరిజం తగ్గించబడును'. 2018 యూజీసీ నిబంధన ప్రకారం పోలికలు 10 శాతం దాకా శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. "ఎంతున్నా తొమ్మిదికి దింపుతం" అన్నాడు కుర్రాడు, షుగరు డాక్టరు కూడా ఇవ్వలేని భరోసాతో. మందు ఒక్కటే, పర్యాయపదాలు. ఆ మందు వికటించిన కేసులను 2021లో ఫ్రాన్స్‌కు చెందిన గియోమ్ కబనాక్, తోటివాళ్లు కలిసి బయటపెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అయింది, అంటే దొంగనోటు లాంటి చైతన్యం. బ్రెస్ట్ క్యాన్సర్ 'బూజమ్ పెరిల్' అయింది. మన భాషలో రొమ్ము గండం. జాతకంలో రాసుకుంటే బాగుండేది.

చిన్న కొట్లను ఆడిపోసుకోవడం దేనికి? మన హైదరాబాదు నుంచే నడిచే ఒమిక్స్ అనే పెద్ద ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన సమీక్ష లేకుండా అచ్చేస్తున్నారనీ, ఫీజు సంగతి ముందు చెప్పకుండా పరిశోధకులను మోసం చేస్తున్నారనీ అభియోగం. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. బిర్యానీ తర్వాత అంత దూరం పేరు మోసిన సరుకు మనకు ఇంకేముంది!

మా రాడ్డు వారంలో తయారైంది. నల్ల రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు వేయిద్దామని ఎల్.బి.నగర్ చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపుకు పోయాం. బైండింగు పెద్దమనిషి బొటనవేలు తడుపుకుంటూ పేజీలు సరిచేస్తూ ఒకచోట ఆగాడు. అట్ట చూశాడు, మళ్లీ ఆఖరి పేజీ చూశాడు.

"బాబూ, మొదట్ల రాడ్డు అన్నరు. ఆఖర్ల లీఫ్ స్ప్రింగు గట్టిగున్నదని రాసున్నది."

మేనల్లుడు కంగారుగా గైడు సారుకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. అటు నుంచి సారు ఆవులిస్తూ, "ఉండనియ్ రా, ఎవరు చదువుతరు?" అన్నాడు.

పెద్దమనిషి జిగురు డబ్బాలో కుంచె ముంచాడు. "నేను చదివిన గదా సార్."