రాబోయే సాకెట్ పక్కనే, ఆఖరి ప్లాట్లు

ఫ్యూచర్ ప్రూఫ్ అనే సరుకు ఏ డబ్బాలోనూ ఉండదు. అయినా మన కంప్యూటర్ మార్కెట్లో దానికున్న గిరాకీ మరి దేనికీ లేదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, "ప్రాసెసర్ మారుస్తున్నా, దానికి సరిపోయే బోర్డు చూపించు అన్నా" అని అడిగి చూడండి. కౌంటర్ వెనకున్నాయన ముందు మీ బడ్జెట్ అడుగుతాడు, ఆ వెంటనే దాన్ని మర్చిపోతాడు. "ఇంకో ఎనిమిది వేలు పెట్టుకోండి సార్, ఫ్యూచర్ ప్రూఫ్ అయితది. ఐదేండ్లు మళ్ల చూసే పని లేదు."

ఈ రాగం మనకు కొత్తేమీ కాదు. ఆదివారం పూట కారు పంపించి, భోజనం పెట్టించి, "రేపోమాపో ఇటే రింగ్ రోడ్డు" అంటూ ప్లాట్లు అంటగట్టినవాళ్లది ఇదే రాగం. కాకపోతే రింగ్ రోడ్డు రాకున్నా ఆ ప్లాట్లో నాలుగు బెండ మొక్కలు వేసుకోవచ్చు. సాకెట్ మారిపోయిన బోర్డు మీద ఏమీ మొలవదు.

2017 జనవరిలో ఇంటెల్ జెడ్270 చిప్‌సెట్‌ను విడుదల చేసింది. మామూలు డెస్క్‌టాప్‌లకు అప్పటికి అదే పై మెట్టు. భవిష్యత్తు కోసమని ఆ చిప్‌సెట్ ఉన్న బోర్డు కొన్నవాళ్లకు ఆ భవిష్యత్తు అక్టోబరులోనే వచ్చేసింది: ఎనిమిదో తరం, ఆరు కోర్ల ఐ7-8700కె. సాకెట్టా, అదే ఎల్‌జీఏ 1151. లెక్కపెట్టుకున్నా అవే 1151 పిన్నులు. చిప్పు బోర్డులో బుద్ధిగా కూర్చుంటుంది కూడా. పని మాత్రం చెయ్యదు. దానికి జెడ్370 కావాలట! కరెంటు సరఫరా కోసం పిన్నుల ఏర్పాటు మార్చామని కంపెనీ సెలవిచ్చింది. పనిలేని ఔత్సాహికులు ఊరుకుంటారా? బోర్డును నిద్రలేపే సాఫ్ట్‌వేర్ బయాస్‌ను సొంతంగా సవరించి, కొన్ని పిన్నులను టేపు ముక్కలతో మూసి, కుదరదన్న ప్రాసెసర్‌ను కుదరదన్న పాత బోర్డుల మీదే నడిపి చూపించారు. మొత్తానికి తొమ్మిది నెలల్లో తీరిపోయింది ఆ బోర్డుల భవిష్యత్తు.

"పోనీ 2021 మాటేమిటి?" అంటాడు అమ్మకందారు. నిజమే, ఆ ఏడాది పదకొండో తరం వచ్చినప్పుడు జెడ్490 కొన్నవాళ్లను లోపలికి రానిచ్చారు, అదే ఎల్‌జీఏ 1200 సాకెట్ ఉన్న బి460, హెచ్410 వాళ్లను గుమ్మం బయటే ఆపేశారు. డబ్బు పెట్టినవాడికి ఫలం దక్కిన సందర్భమే ఇది. ఏమిటా ఫలం? పదో తరం ఐ9లో పది కోర్లుంటే, పదకొండో తరం ఐ9లో ఎనిమిది.

ఏఎండీ అలాంటిది కాదని మన కుర్రకారుకు గొప్ప నమ్మకం. ఏఎం4 సాకెట్‌ను 2020 దాకా కొనసాగిస్తామని ఆ కంపెనీ మాటిచ్చింది. సరిగ్గా 2020 మే నెలలో, రాబోయే జెన్ 3 ప్రాసెసర్లు బి450, ఎక్స్470 బోర్డుల మీద నడవవని ప్రకటించింది. కారణం అడిగితే బయాస్ చిప్పులో చోటు చాలదంది. వేలకు వేలు పోసి కొన్న బోర్డు, గదంతా వెలిగించే రంగురంగుల దీపాలు, బయాస్‌కు మాత్రం చాలావాటిలో 16 ఎంబీ! జనం దుమ్మెత్తిపోశారు. ఆ నెల తిరక్కుండానే లేని చోటు పుట్టుకొచ్చింది. 2022కల్లా 2017 నాటి బి350 బోర్డులను కూడా కరుణించారు. ఆ ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి, ఐదేళ్ల కిందటి చౌక బోర్డుల్లో చాలావాటి మీద హాయిగా నడిచింది.

మరి అదే కంపెనీ బోర్డుల్లో అత్యంత ఖరీదైన వరసకు ఏం దక్కింది? భారీ పనులకు ఉద్దేశించిన థ్రెడ్‌రిప్పర్ ప్రాసెసర్ల కోసం 2019 చివర్లో టీఆర్ఎక్స్40 బోర్డులు వచ్చాయి. ఒక్క తరంతో ఆ సాకెట్ కథ ముగిసింది. చవగ్గా కొన్నవాడికి ఐదేళ్ల ఆయుష్షు, లక్షలు ధారపోసిన మహారాజుకు మొండిచెయ్యి. భవిష్యత్తు బోర్డు ధరలో లేదు. కొంత కంపెనీ దయలో ఉంది, మిగతాది మనం చేసే గోలలో ఉంది. ఆ రెండూ డబ్బాలో పెట్టి ఇవ్వరు.

డబ్బా అనగానే పేర్లు గుర్తొచ్చాయి. టొమహాక్, మోర్టార్, బజూకా. ఇవి యుద్ధ సామగ్రి కాదు, మదర్‌బోర్డులే. వీటిలోని కెపాసిటర్లు 'మిలిటరీ క్లాస్' అని ఒకరు, 'మిలిటరీ గ్రేడ్' అని ఇంకొకరు. ఎక్సెల్ షీటులో జీఎస్టీ లెక్కలు వేసుకునే ఆడిటర్ గారికి బజూకా ఎందుకో, ఏ సరిహద్దులో మోహరించాలో నాకైతే అంతుబట్టలేదు.

అంకెల భాగోతం సరేసరి. ఇంటెల్‌కు బి250 ఉంటే ఏఎండీ బి350 అంది. దాంతో ఇంటెల్ తర్వాతి మధ్యతరగతి చిప్‌సెట్ బి360 అయింది. అటువైపు బి450, ఇటువైపు బి460. ఆ పైన బి550, బి560, బి650, బి660. పది ఎక్కువుంటే పదింతలు మంచిదనుకునే అమాయకుడు ఏఎండీ ప్రాసెసర్ చేత్తో పట్టుకుని ఇంటెల్ బోర్డు బిల్లు కట్టేస్తాడు. ఒకే కంపెనీ లోపలైనా అంకెను నమ్మొచ్చా అంటే, ఎక్స్670లో చిప్‌సెట్‌కు రెండు చిప్పులుండేవి, 2024లో వచ్చిన ఎక్స్870లో ఒక్కటే. అదీ పాత బి650లో ఉన్న చిప్పే. యూఎస్‌బీ4 తప్పనిసరి చేశారు లెండి, ఆ పుణ్యం కాదనను.

తాళం వేసిన ప్రాసెసర్‌కు జెడ్ బోర్డు కొనేవాళ్ల సంగతి చెప్పకపోతే పాపం. ఇంటెల్‌లో ఓవర్‌క్లాకింగ్‌కు, అంటే ప్రాసెసర్‌ను దాని మామూలు వేగం దాటించి పరిగెత్తించడానికి, పేరు చివర కె ఉన్న ప్రాసెసర్ కావాలి. అది లేకుండా జెడ్ కొనడం తాళంచెవి కొని ఇల్లు కొనకపోవడమే. చూడాల్సింది ఎవరూ చూడరు: ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్ఎం ఈ చిప్పు బరువు మొయ్యగలదా, తయారీదారు ఇచ్చే ప్రాసెసర్ల జాబితాలో దీని పేరుందా, ఉంటే ఏ బయాస్ వెర్షన్ నుంచి ఉంది. ఇవాళ చేతిలో ఉన్న ప్రాసెసర్‌కు సరిపోతే అదే మంచి బోర్డు. ఈ ముక్క చెబితే దుకాణంలో ఎవరూ టీ పొయ్యరు.

ఆ బయాస్ వెర్షన్ తక్కువైందా, ఇక చూడాలి వేడుక. కొత్త ప్రాసెసర్ పెడితే తెర మీద ఏమీ రాదు. బయాస్ అప్‌డేట్ చేస్తే వస్తుంది. అప్‌డేట్ చెయ్యాలంటే తెర మీద ఏదైనా రావాలి. కాబట్టి పాత ప్రాసెసర్ కావాలి. 2018లో ఏఎండీ ఇలా చిక్కుకున్నవాళ్లకు చిన్న ప్రాసెసర్లను అరువిచ్చి, పని కాగానే వెనక్కి తీసుకుంది. ఇప్పుడు చాలా బోర్డులకు ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఇస్తున్నారు. బటన్ ఉన్నది తీసుకోండి, దీపాలున్నది కాదు.

ఇంతా చేసి, ప్రాసెసర్ ఒక్కటే మారుద్దామని బయల్దేరినవాడి బిల్లు చూడండి. కొత్త ప్రాసెసర్ సాకెట్ ఏఎం5 కాబట్టి డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు, పాత ర్యామ్ అటకెక్కింది. ఎస్ఎంపీఎస్ పాతబడింది, మార్చక తప్పదన్నారు. బోర్డు మారింది కనుక, దానితో ముడిపడి వచ్చిన విండోస్ లైసెన్సు మళ్లీ కొనమంది. మిగిలింది క్యాబినెట్. దానికీ పక్కన గాజు తలుపు లేకపోతే దీపాలెలా కనిపిస్తాయని కౌంటర్ దగ్గర బెంగ.

భవిష్యత్తును తట్టుకున్న బోర్డును కళ్లారా చూడాలనుకుంటే ఆ మార్కెట్లోనే ఏదో మూల హెచ్61 దొరుకుతుంది. 2011 నాటి చిప్‌సెట్. సెకండ్‌హ్యాండ్ ఐ5తో జతకట్టి కాంబోగా ట్యూషన్ సెంటర్లకూ జిరాక్స్ షాపులకూ చవగ్గా పోతూనే ఉంది. దాని డబ్బా మీద ఏ ఆయుధం పేరూ ఉండదు.

కంపెనీలకు నాదొక్కటే మనవి. ప్రతి డబ్బా మీదా, ఈ సాకెట్‌లోకి కొత్త ప్రాసెసర్లు ఎప్పటిదాకా వస్తాయో నెల, సంవత్సరంతో సహా అచ్చు వెయ్యండి. వేస్తారు, వెయ్యరని కాదు. పక్కన చుక్క గుర్తు పెట్టి, డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఇంకో వాక్యం కూడా వేస్తారు: 'ఈ తేదీ తదుపరి బయాస్ అప్‌డేట్‌లో మారవచ్చు.'