విప్పిన బొంత

ఆ బొంతను విప్పింది నేనే. ఎవరూ విప్పమనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు, నేను అడిగితే కదా అనడానికి. రెండేళ్ల కిందట సంక్రాంతి వెళ్లిన వారం, మా అత్తమ్మ చర్లలో ఉన్న ఆడబిడ్డ ఇంటికి పోయి పది రోజులు ఉండి వచ్చింది. ఆ పది రోజుల్లో చేశాను. ఇంతవరకూ ఎవరి దగ్గరా మొత్తం చెప్పుకోలేదు. ఇప్పుడు అదే బొంత మళ్లీ నా ముందు నేల మీద పరిచి ఉంది. దాన్ని చూస్తూ మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను.

మాది బస్తర్ ప్రాంతంలోని ఉసూర్. బీజాపూర్ నుంచి వచ్చేవాళ్లు ఆవపల్లి దాటి లోపలికి రావాలి. గోండి, దొర్లి, తెలుగు, హిందీ అన్నీ మా వీధిలో వినిపిస్తాయి. కొట్టు ముందు నిలబడ్డ మనిషిని బట్టి మా ఆయన భాష మారుస్తారు. ఇల్లు కొట్టు వెనకే. కొట్టుకూ వంటింటికీ నడుమ ఉన్న గదిని నా కుట్టుగది అంటాను గాని, అది ఏడాది పొడుగునా నాది కాదు. మార్చిలో ఇప్పపువ్వు రాలడం మొదలైతే బస్తాలు వచ్చి పడతాయి. వాటి వెనకే చింతపండు. అప్పుడు మిషను గోడకు జరుగుతుంది, నేను దాని పక్కన స్టూలు వేసుకునేంత చోటు మిగులుతుంది. ఆ రోజుల్లో కుట్టిన ప్రతి గుడ్డకూ ఎండిన ఇప్పపువ్వు వాసన పట్టుకుంటుంది. ఆ వాసనకు ఎలుకలు వస్తాయి. అందుకే పేలికలన్నీ రేకు డబ్బాల్లో, మడతకో గుప్పెడు ఎండు వేపాకు వేసి దాచుకుంటాను. కరెంటును నమ్ముకోలేక మిషను తొక్కుడుదే ఉంచుకున్నాను.

పిల్లలు హాస్టళ్లకు వెళ్లాక నాకు ఈ పిచ్చి పట్టింది. ఫోనులో అమెరికా ఆడవాళ్లు బొంతలు కుట్టే వీడియోలు చూసేదాన్ని. మాటలు అర్థం కాకపోయినా చేతులు అర్థమయ్యేవి. పైన అతుకుల గుడ్డ, నడుమ దూది పరుపు, కింద ఒకే గుడ్డ, మూడింటినీ కలిపి కుట్టడం. మా పెద్దమ్మాయి హైదరాబాద్ నుంచి గుండ్రటి బ్లేడు కత్తి, గీతల చాప, ఫైబర్ షీటు తెచ్చి ఇచ్చింది. ఇక ఆగలేదు. ఒకటి పూర్తికాకుండానే ఇంకొకటి మొదలుపెట్టేదాన్ని. ఇప్పటికీ డబ్బాల్లో సగం సగం ఉన్నవి ఐదున్నాయి.

వాటిలో చదరాల బొంత ఒకటి. ఐదంగుళాల ముక్కలు, నాలుగు పక్కలా పావు అంగుళం కుట్టులో పోతే నాలుగున్నర మిగలాలి. వరసకు పన్నెండు, అంటే 54 అంగుళాలు. మొదటి వరస దాదాపు ఒకటిన్నర అంగుళం తక్కువొచ్చింది. ప్రతి కుట్టూ గీత మీద పోవాల్సింది, అంగుళంలో పదహారో వంతు లోపలికి పోయింది. ఒక్క ముక్కలో కంటికి ఆనని తేడా పన్నెండు ముక్కలు కలిసేసరికి అంతైంది. రెండో వరస సరిగ్గా వచ్చింది, అందుకని రెండూ కలవవు. విప్పి కుట్టాను, మళ్లీ విప్పాను. అప్పుడు కుట్లు విప్పడం బాగా అలవాటైంది నాకు. ఆ అలవాటు ఎక్కడికి తీసుకుపోతుందో తెలియలేదు.

నక్షత్రం బొంతకు మెత్తటి, వెలిసిన నూలుగుడ్డ కావాలనిపించింది. కొత్త గుడ్డల రంగులు కళ్లలో గుచ్చుకుంటున్నాయి. సంతలో దొరికేవన్నీ సగం పాలిస్టరు, ఇస్త్రీ పెట్టె తగిలితే ముడుచుకుపోతాయి. వెతుకుతున్న కళ్లకు అత్తమ్మ మంచం మీద మడిచి ఉన్న బొంత కనబడింది. అంచులు పీలికలు, ఒక మూల చిరిగి లోపలి గుడ్డ బయటికొచ్చింది. పైచీర ఒకప్పుడు ఏ రంగో గాని అప్పటికి వానాకాలం ఆకాశంలా ఉంది. సరిగ్గా నాకు కావలసిన రంగు. మంచి ముక్కలు తీసి కొత్తగా కుట్టి ఇస్తే ముసలావిడ మురిసిపోతుందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ప్రేమతోనే బ్లేడు పట్టుకున్నాను.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. బొంత దారం లావు, కుట్లు బియ్యపు గింజంత, వరసకూ వరసకూ మధ్య వేలెడు. పైచీర కింద ఇంకో చీర, దాని కింద మామయ్యగారి ధోవతి. ధోవతి తీస్తే లోపల ఇంకో బొంత. చిన్న బొంత, పసిపిల్లలది. అక్కడ ఆగాలి. ఆగకుండా దాన్నీ విప్పాను. దాని కడుపులో ముతక గుడ్డ ఒకటి, చేతినేత, గోనెకంటే కొంచెం మెత్తన. అంచున నాలుగు వేళ్ల వెడల్పున ముదురు తొగరు పట్టీ. లోపల ఉండిపోయిన ఆ రంగు మీద వెలుతురు పడితే, ఇటుక మీద నీళ్లు చల్లినట్టుంది.

అన్నింటికీ పసుపు మరకలు. ఏళ్ల చెమట, నూనె, పిల్లల ఉచ్చ. నీళ్లు కాచి, చాకలి సోడా వేసి, పైన బ్లీచింగ్ పొడి వేసి రాత్రంతా నానబెట్టాను.

పొద్దున ధోవతి పైకి తీయబోతే నా వేళ్లు దానిలోంచి దూరి అవతలికి వచ్చాయి. ముతకగుడ్డ తడిసిన అప్పడంలా విడిపోయింది. తొగరు పట్టీ బూడిద కలిపిన గులాబీ రంగైంది. పైచీరలు రెండూ ఎలాగో నిలిచాయి. నిలిచినవి ఎండబెట్టి, కోసి, నక్షత్రం కుట్టుకున్నాను. నిలవనివాటిని, ఈ మాట చెప్పాలంటే ఇప్పటికీ నోరు రావడం లేదు, పొయ్యి దగ్గర మసిగుడ్డలు చేసుకున్నాను.

తర్వాత తెలుసుకున్నాను. పాత నూలు ఎండకూ చెమటకూ ముందే చచ్చిపోయి ఉంటుంది. బ్లీచింగ్ మిగిలిన పీచును తినేస్తుంది. కాని అసలు సంగతి అది కూడా కాదు. బొంతలో గుడ్డలు ఒకదాన్ని పట్టుకుని ఒకటి బతుకుతాయి. ఒక్కొక్కటీ విడిగా నిలబడలేని స్థితికి వచ్చాకనే వాటిని బొంతలో వేస్తారు. ఆ వేల కుట్లే వాటి బలం. నేను గుడ్డల కోసం కుట్లను తీసేశాను, దాంతో గుడ్డలు కూడా పోయాయి.

అత్తమ్మ వచ్చిన రాత్రి మంచం తడుముకుంది. నేను నక్షత్రం తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. బాగుందంటుందని ఎదురుచూశాను. ఆమె నక్షత్రాన్ని చూడలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నలుపుతూ పోయింది.

"నడిమి గుడ్డ ఏదే పిల్లా?"

చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అడగొచ్చు గదా" అన్నది. అంతే. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని పడుకుంది.

ఒక్కొక్క ముక్కగా మిగతాది తర్వాత చెప్పింది, ఒక్కోసారి పప్పు చెరుగుతూ, ఒక్కోసారి తునికాకు కట్టలు కడుతూ. చిన్న బొంత మా ఆయన పుట్టినప్పుడు అత్తమ్మ వాళ్లమ్మ కుట్టి తెచ్చింది. ఆ ముతకగుడ్డ అంతకు ముందు ఆ అమ్మ కట్టుకున్నది. ఆ బొంతలో పడుకున్న పిల్లలు ఐదుగురు, దక్కింది ముగ్గురు. ఆ ఇద్దరి గుర్తు ఇంకేదీ ఇంట్లో లేదు. ఫొటోలు తీసే కాలమా అది.

జగదల్‌పూర్ వెళ్లినప్పుడు అలాంటి తొగరు అంచు గుడ్డలు మళ్లీ చూశాను. బస్తర్‌లోనూ, పక్కనే ఒడిశా కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లోనూ పనికా నేతగాళ్లు నేస్తారు. కోట్‌పాడ్ బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి నేతగాడు గోవర్ధన్ పనికాకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ రంగు తొగరు చెట్టు వేరు బెరడు నుంచి వస్తుంది. మన తెలుగులో చెట్టుకూ రంగుకూ ఒకటే పేరు. నూలును ఆముదంలో, బూడిదనీళ్లలో, పేడలో మళ్లీ మళ్లీ నానబెట్టి ఆరబెట్టి, ఆ తర్వాత గాని రంగులో వేయరు. వారాల తరబడి పని. ఎన్నో ఏళ్లు ఏటి నీళ్లనూ బండరాతినీ తట్టుకున్న రంగును నేను ఒక్క రాత్రిలో చంపాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. నాకు తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు. బొంత విప్పిన ఆ నెలలోనే అమెరికాలోని అలబామాలో గీస్ బెండ్ అనే పల్లె గురించి చూశాను. అక్కడి నల్లజాతి స్త్రీలు పాత బట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు, 2006లో తపాలా బిళ్లలు వేశారు. అందులో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ 1942లో కుట్టిన బొంత ఉంది. పోయిన భర్త పొలం పని బట్టలతో, ఆయన్ను గుర్తుంచుకుంటూ కప్పుకోవడానికి కుట్టుకున్నది. మోకాళ్ల దగ్గర వెలిసిన మరకలు అలాగే కనిపిస్తాయి. అది చూసి నేను ఏడ్చాను. కళ్లు తుడుచుకుని పక్కగదిలోకి వెళ్లి మామయ్యగారి ధోవతి కుట్లు కోశాను. సముద్రాల అవతలి మరకకు కన్నీళ్లు పెట్టినదాన్ని, మా ఇంటి మరకకు బ్లీచింగ్ పెట్టాను. ఎలా చేయగలిగాను? ఎంత తవ్వుకున్నా ఒక్కటే తేలుతుంది. ఆ ఫోనులో ఉన్నది కళ అనుకున్నాను, ఈ మంచం మీద ఉన్నది పాతగుడ్డ అనుకున్నాను.

పోయిన దసరాకు పొయ్యి వెనక సందు ఊడుస్తుంటే ఒక మసిగుడ్డ దొరికింది. అరచేయంత. నల్లగా, నూనె పట్టి, ఒక పక్కన ఆ పాలిపోయిన పట్టీ. తీసుకెళ్లి అత్తమ్మ చేతిలో పెట్టాను. ఆమెకు చూపు సరిగా ఆనదు. వేళ్లతో నలిపి చూసి గుర్తుపట్టింది.

"ఉతకనా?" అనడిగాను. ఈసారి అడిగాను.

"వద్దు. గట్లనే పెట్టు."

నక్షత్రాన్ని నేనే విప్పాను, ఆమె ఎదుటే కూర్చుని. ఇప్పుడు మిషను జోలికి పోవడం లేదు. నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తున్నాం. అడుగున నా పెళ్లినాటి నూలు చీర వేశాను, అది ఆమె అడిగింది. ఆ మసిగుడ్డను సరిగ్గా మధ్యలో పెట్టి, దాని మీద మెత్తటి పాత పంచె ముక్క కప్పి, పైన ఆ వెలిసిన చీరల ముక్కలు. పొద్దున్నే పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెడతాను. మధ్యాహ్నానికి ఆమె అన్నీ ఖాళీ చేస్తుంది. నా కుట్లు ఇప్పటికీ ఆమెవాటికంటే పొడుగు. పక్కపక్కన చూస్తే ఎవరిది ఏదో ఎవరికైనా తెలుస్తుంది.

ఇప్పచెట్లు ఆకు రాల్చేశాయి. బస్తాలు వస్తే ఈ గదిలో పరుచుకునే చోటుండదు. నడిమికి ఇంకా రెండు జానలు ఉంది.