అయిపోవచ్చిందండీ!

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాణ్ణి జీతమెంతని అడగొచ్చు, గ్రీన్‌కార్డు ఎంతవరకు వచ్చిందని అడగొచ్చు. బేస్‌మెంటు ఎప్పటికి పూర్తవుతుందని మాత్రం అడక్కూడదు. చెప్పడని కాదు, చెబుతాడు. "అయిపోవచ్చిందండీ" అంటాడు. పోయిన ఉగాదికీ అదే అన్నాడు, అంతకు ముందు ఉగాదికీ అదే అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన వెనక నిలబడ్డ ఇల్లాలి మొహం చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

మన విజయవాడలోనో వరంగల్‌లోనో సెల్లారంటే కార్లు పెట్టుకునేది, వానొస్తే మునిగేది. అక్కడి కథ వేరు. చలి ప్రాంతాల్లో శీతాకాలం నేల ఎంత లోతున గడ్డకడుతుందో అంతకంటే కిందికి పునాది దించాలి, లేకపోతే మంచుకు నేల ఉబ్బి ఇంటినే ఎత్తుతుంది. ఎలాగూ అంత తవ్వాం కదా అని ఆ గోతిలోనే ఓ అంతస్తు పోసేస్తారు. నాలుగు కాంక్రీటు గోడలు, నెత్తిమీద దూలాలు, ఫర్నేసు, వాటర్ హీటరు, ఓ మూల నీళ్ళు తోడిపోసే సంప్ పంపు గొయ్యి. ఇవి అప్పగించి బిల్డరు చెయ్యూపి వెళ్ళిపోతాడు. మిగతాది మీ ఓపిక. డాలస్, ఫ్రిస్కో వైపు మనవాళ్ళకి ఈ గొడవ లేదు. అక్కడి బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది, అందుకని బేస్‌మెంట్లు అరుదు. వాళ్ళు సినిమా గది మేడమీద పెట్టుకుని, వేసవిలో కరెంటు బిల్లు చూసి ఏడుస్తారు. ఎవరి ప్రారబ్ధం వారిది.

న్యూజెర్సీలో ఎడిసన్ కానీ, వర్జీనియాలో ఆష్‌బర్న్ కానీ, కాంట్రాక్టరు చెప్పే మాట మాత్రం ఒకటే: ఆరు నుంచి ఎనిమిది వారాలు. పాపం ఆయన అబద్ధమాడడు. చేతిపని నిజంగా అంతే. కర్రలతో గోడల చట్రం కట్టడం ఓ వారం. కరెంటు తీగలు, నీళ్ళ పైపులు, గాలి గొట్టాలు మరో రెండు వారాలు. ఆ తర్వాత గోడలు మూసెయ్యకుండా ఆగి ఇన్‌స్పెక్టరు కోసం ఎదురుచూడాలి. ఆయన పొద్దున ఎనిమిదికీ సాయంత్రం నాలుగుకీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఇంటాయన ఆరోజు ఆఫీసు మీటింగులన్నీ మెట్లమీద కూచునే కానిస్తాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి, టేపు తీసి, కరెంటు ప్యానెల్ ముందు 36 అంగుళాల జాగా ఖాళీగా ఉండాలని చెప్పి, అక్కడ కట్టిన బట్టల అలమర చట్రాన్ని ఓసారి చూసి, కాగితం మీద ఒక గీత గీసి వెళ్ళిపోతాడు. ఆ గీత ఖరీదు పది రోజులు.

డ్రైవాల్ దగ్గర ఇంకో ముచ్చట. పలకలు బిగించడం రెండు రోజుల్లో అయిపోతుంది. వాటి అతుకుల మీద మూడు పూతలు వెయ్యాలి, ఒక్కో పూతా ఆరాలి, ఆరాక గీకాలి. మెట్ల దగ్గర ప్లాస్టిక్ పట్టా కట్టినా సరే, ఆ తెల్లటి పొడి పైకెక్కి వంటింట్లో ఆవకాయ జాడీ మూతమీద పేరుకుంటుంది. వేలితో రాస్తే అక్షరాలు పడతాయి. ఇల్లాలు దానిమీద తేదీ రాసింది. మర్నాటికి అది పూడిపోయింది.

ఇంత చెప్పినా లెక్క మూడు నెలలు దాటదు. మరి మూడేళ్ళు ఎలా అవుతుందంటారా? పనివాళ్ళ వల్ల కాదు, మన వల్ల. బిల్డరు బాత్రూం పైపులు ఒక మూల వదిలి వెళ్ళాడు. "అక్కడొద్దు, ఇటు జరుపుదాం" అంటాడు ఇంటాయన. నేల పగలగొట్టాలి. "ఎలాగూ పగలగొడుతున్నారు కదా, స్టీమ్ షవర్ కూడా పెట్టించెయ్" అంటాడు బావమరిది. "ఎలాగూ నీళ్ళ లైను వచ్చింది కదా, బార్ కౌంటర్ దగ్గర సింకు పెడదాం" అంటాడు పక్క వీధి స్నేహితుడు. ప్లానులో అది వెట్ బార్. గుంటూరులో ఉన్న నాన్నగారికి వీడియో కాల్‌లో అది కాఫీ కౌంటరు. మరి ఆ వైన్ గ్లాసులు వేలాడదీసే కమ్మీలేమిట్రా అని ఆయనడిగితే, "గరిటెలకి నాన్నా" అన్నాడట. ఏ ఇంటికి పార్టీకి వెళ్ళొచ్చినా ప్లానులో ఓ గీత పెరుగుతుంది. వాళ్ళింట్లో వాలు కుర్చీలు రెండు వరసలుంటే మనకి మూడు. వాళ్ళ సీలింగులో నక్షత్రాలుంటే మనకి పాలపుంత.

అమ్మానాన్నల గది అని మొదలెట్టారో, ఇక చట్టమే దిగొస్తుంది. నేల కింద పడకగది ఉంటే, నిప్పంటుకున్నప్పుడు మనిషి బయటపడేంత కిటికీ ఉండాలి. తెరిస్తే కనీసం 5.7 చదరపు అడుగుల సందు రావాలి, దాని గట్టు నేల నుంచి 44 అంగుళాలకు మించకూడదు. అంటే పునాది గోడను రంపంతో కోయాలి. బయట గొయ్యి తవ్వాలి. తవ్వే ముందు 811కి ఫోన్ చేసి, కింద గ్యాసు పైపులూ కేబుళ్ళూ ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించుకోవాలి. ఆ గుర్తులు పడేలోగా వానొస్తుంది. మోకాళ్ళ నొప్పులతో మెట్లే దిగలేని అమ్మ ఆ కిటికీలోంచి నిచ్చెనెక్కి ఎలా బయటపడుతుందని మాత్రం ఎవరూ అడగరు. ఆవిడా అడగదు. ఆవిడ పై అంతస్తులో మనవరాలి గదిలోనే పడుకుంటోంది.

ఇక వాస్తు. సంప్ పంపు గొయ్యి ఎటుందని సిద్ధాంతిగారు వాట్సాప్‌లో అడిగారు. ఈశాన్యంలో ఉంటే మహర్దశే, నీళ్ళుండాల్సిన చోటే అది. ఆగ్నేయంలో ఉంటే? "జరపాలి బాబూ." పునాది చుట్టూ వేసిన డ్రెయిన్ పైపులన్నీ ఆ గోతిలోకే వస్తాయి, జరపడం కుదరదండీ అంటే, పరిహారం చెబుతానన్నారు. పూజగది నైరుతి నుంచి ఈశాన్యానికి మారింది. అక్కడ సరిగ్గా నెత్తిమీద పై అంతస్తు బాత్రూం ఉందని, చట్రం కట్టాక తేలింది. మళ్ళీ మారింది. కాంట్రాక్టరు మెక్సికో నుంచి వచ్చిన పెద్దమనిషి. ఇప్పుడాయనకి ఈశాన్యం, నైరుతి, వాయవ్యం బాగానే తెలుసు. ఎటైనా చెప్పండి, గోడకి ఇంత అని లెక్కగడుతున్నాడు.

పర్మిట్‌కీ ఆయుష్షుంటుంది. చాలా కౌంటీల్లో 180 రోజులపాటు పని ఆగిపోతే అది చచ్చిపోతుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకూ మామూలుగా గడువు ఆర్నెల్లే. వాళ్ళొస్తున్నారని పని మొదలవుతుంది, వాళ్ళున్నంత కాలం ఇంట్లో దుమ్ము, చప్పుడని ఆగుతుంది, వాళ్ళు విమానమెక్కే నాటికి పర్మిట్ కూడా కాలం చేస్తుంది. రెండింటికీ పొడిగింపు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొందరు రెండూ ఒకే రాత్రి కూచుని నింపుతారు.

సాకులకు లోటు లేదు. 2021 మే నెలలో కర్ర ధర వెయ్యి బోర్డు అడుగులకు 1600 డాలర్లు దాటింది. తగ్గాక చేద్దామన్నారు. ధర తగ్గింది. తర్వాత రేడాన్ పరీక్ష పెడితే అంకె లీటరుకు 4 పికోక్యూరీలు దాటింది. ఆ వాయువును బయటికి లాగే గొట్టం పెట్టించాల్సిందే, అది న్యాయమైన కారణం, ఊపిరితిత్తుల వ్యవహారం. ఆ తర్వాతది గ్రీన్‌కార్డు. అది రాకుండా అంత డబ్బు గోడల్లో పొయ్యడమెందుకని. దరఖాస్తు పెట్టి పదేళ్ళు దాటినవాళ్ళు ఇంకా వరసలోనే ఉన్నారు. కౌంటీ ఆఫీసు ఆలస్యమని తిట్టేవాళ్ళను ఆ వరసలో కాస్సేపు నిలబెడితే ఇన్‌స్పెక్టరు దేవుడిలా కనిపిస్తాడు.

అలాగని ఈలోగా బేస్‌మెంటు ఖాళీగా ఉంటుందనుకోకండి. దూలాల నుంచి గులాబి రంగు ఇన్సులేషన్ వేలాడుతుండగానే సత్యనారాయణ వ్రతం జరుగుతుంది. కర్ర చట్రాలకు చీరలు కట్టి బతుకమ్మ ఆడతారు. చట్రానికి అటు నిలబడి ఒకరు, ఇటు నిలబడి ఒకరు పులిహోర తింటూ మాట్లాడుకుంటారు. పిల్లలు గోడల మధ్యలోంచి దూరి పరిగెడతారు. నన్నడిగితే ఆ గది అంత బాగా మళ్ళీ ఎప్పుడూ ఉండదు. గోడలు మూసి, కార్పెట్ వేశాక చెప్పులు విడవాలి, చట్నీ కింద పోకూడదు, జ్యూసు తేకూడదు.

ఎంతకీ పూర్తికాని బేస్‌మెంటు మూడు వారాల్లో పూర్తయ్యే ముహూర్తం ఒక్కటే ఉంది. ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు. రియల్టర్ వచ్చి, ఇలా ఉంటే రేటు పలకదని ఒక్క మాట అంటే చాలు. పాలపుంత మాటెత్తరు, స్టీమ్ షవర్ అడగరు, గోడలన్నిటికీ ఒకటే రంగు. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ మొదటిసారికే గట్టెక్కుతుంది. ఆదివారం ఓపెన్ హౌస్‌కి మొదట దిగేదీ మన తెలుగు జంటే. ఆయన థియేటర్ గోడమీద వేలి కణుపులతో కొట్టి, "ఇది తీసేస్తే ఎంత పెద్ద హాలవుతుందో చూడు" అంటాడు. ఆవిడ అప్పటికే ఫోను పైకెత్తి నాలుగు మూలలూ తిప్పి చూపిస్తోంది. అవతల నుంచి సిద్ధాంతిగారు: "అదంతా సరేనమ్మా, గొయ్యి ఎటుంది?"