షెల్ డివిజన్ మామయ్య

పెరంబూరులో తెలుగువాళ్ళున్న వీధిలో షెల్ డివిజన్ మామయ్య ఒకడు ఉండి తీరతాడు. 1955లో నెహ్రూ ప్రారంభించిన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో రైలుపెట్టె ఉక్కు ఒళ్ళు కట్టేది ఆ డివిజనే. రిటైరయ్యాక కూడా మామయ్య దేన్నైనా ముందు తట్టి చూస్తాడు, తరవాతే పలకరిస్తాడు.

పెళ్ళి ఊరేగింపుకి టాపు లేని కారు వచ్చిందా, ఆయనకి పండగే. పెళ్ళికొడుకు మొహం చూడడు. వంగి, తలుపు కింద గడప తడతాడు.

"టాపు తీసేస్తే బండి తేలికవ్వాలి కదా మామయ్యా?" అని ఎవడో కుర్రాడు అడగాలి. అడక్కపోతే మామయ్యే అడిగిస్తాడు.

ఇక చేతిలోని మిఠాయి పెట్టె మూత తీసి, రెండు కొసలూ పట్టుకుని మెలిపెడతాడు. మూతతో బిగువుగా ఉన్న పెట్టె ఇట్టే వంకర తిరుగుతుంది. లడ్డూలు దొర్లిపోతాయి. "చూశావా! ఇప్పటి కార్లకి విడిగా చాసిస్ ఉండదు. నేలా, స్తంభాలూ, కప్పూ కలిసి బరువు మోస్తాయి. మేం స్విస్ వాళ్ళ దగ్గర నేర్చుకున్నదీ అదే. కప్పు కోసేస్తే గుంతలో పడ్డప్పుడల్లా బండి మెలి తిరుగుతుంది. అందుకని గడపల్లో మందం ఉక్కు, అడుగున అడ్డ పట్టీలు, బోల్తా పడితే తలలు కాయడానికి ముందు అద్దం చుట్టూ గట్టి చట్రం. ఆపైన కప్పు మడిచే మోటార్లు!" టాపు లేని మినీ కూపర్ టాపున్న దానికంటే వంద కిలోల పైచిలుకు ఎక్కువ తూగడం ఇందుకే. భౌతికశాస్త్రంలో మామయ్యకి వంక పెట్టలేం. ముహూర్తం సంగతే ఆయనకి పట్టదు.

కుర్రాడు ఫోన్ తీసి, మెక్‌లారెన్ 720ఎస్ స్పైడర్‌కి పెరిగింది 49 కిలోలేనంటాడు. మామయ్య తొణకడు. "దానిది కార్బన్ ఫైబర్ తొట్టి. బలమంతా కిందే ఉంది. ఆ 49 కిలోలు కప్పు మడిచే సరంజామావి. అంటే, ఫర్నిషింగ్ డివిజన్ బరువు!" సీట్లూ ఫ్యాన్లూ బిగించే ఆ డివిజన్‌లోనే రిటైరైన వియ్యంకుడు పక్కనే ఉంటాడు. ఆయన మొహం మాడుతుంది.

ఒకప్పుడు వండలూరులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ప్రస్తావన తెస్తే మాత్రం మామయ్య మెత్తబడతాడు. దానికి విడి చాసిస్. బ్రిటన్‌లో దాని మాతృక ట్రయంఫ్ హెరాల్డ్ కప్పు బోల్టులు విప్పితే ఊడి వచ్చేది.

2017లో విశాఖ–అరకు రైలుకి తగిలించిన అద్దాల కప్పు విస్టాడోమ్ పెట్టె పెరంబూరులో పుట్టిందే. అందులోనూ మామయ్యది ఇదే వరస. అత్తయ్య గుండ్రంగా తిరిగే సీటుని లోయవైపు తిప్పుకుని చూస్తుంటే, ఆయన మెడ పైకెత్తి అద్దానికీ అద్దానికీ మధ్య ఉక్కు పట్టీలు లెక్కపెడుతుంటాడు.

"ఏమండీ, కొండలు ఇటున్నాయి."

"ఉండనీవే. ఇంత అద్దం పెట్టి కూడా కప్పుకి బలం తగ్గనివ్వలేదు మావాళ్ళు!"

"సీటు మాత్రం అన్నయ్యగారి డివిజన్‌దేగా? ఎంత హాయిగా తిరుగుతోందో!"