ఏర్పడని త్రిభుజం

లెక్కల సార్లలో త్రిభుజాల సార్లది వేరే తెగ. మా తోటపల్లి గూడూరు సారు ఆ తెగకు పెద్ద. పెన్ను మరిచిపోతాడేమో గానీ, మొన చెక్కిన పెన్సిలు మరవడు. క్లాసులోకి రాగానే హాజరు తీసుకునేది పిల్లలకు కాదు, జామెట్రీ బాక్సులకు.

ఆ తనిఖీ చూసి తీరాలి. బెంచీ మీద పేర్లు చెక్కీ చెక్కీ వృత్తలేఖిని మొన పోయి ఉంటుంది. విభాగిని ఇంట్లో నాయనమ్మ దగ్గరుంటుంది, కాల్లో తుమ్మముల్లు తీయడానికి. కోణమాని మీద అంకెలు అరిగి, 60 ఎటో 120 ఎటో దేవుడికే తెలియాలి. మూలమట్టాలు మాత్రం కొన్ననాటిలాగే మెరుస్తుంటాయి. వాటినెవరూ ముట్టుకోరు గదా!

"5, 6, 7 సెంటీమీటర్లు. ముందు చిత్తుపటం!" అంటాడు సారు. 7 భూమి. ఈ చివర నుంచి 5, ఆ చివర నుంచి 6 చాపాలు. అవి ఖండించుకున్న చోట మూడో శీర్షం. చెప్పడానికి రెండు నిమిషాలు, గీయించడానికి పీరియడంతా. ఒకడు స్కేలు అంచునే సున్నా అనుకుంటాడు. ఇంకొకడి వృత్తలేఖిని మర వదులై, 5తో బయల్దేరిన చాపం 5.4 దగ్గర దిగుతుంది. మూడోవాడిది మొద్దు పెన్సిలు.

"ఏందబ్బయా, ఇది గీతా, పెన్నా కాలవా? శీర్షం ఏ గట్టున ఉందో చెప్పు!"

బాగా గీసిన పిల్ల, నీటుగా ఉండాలని చాపాలు చెరిపేస్తే ఆయనకు ప్రాణం పోయినంత పని. "చాపాలు చెరిపితే నువ్వే గీశావని సాక్ష్యమేదమ్మా?"

అయితే సారుకి అసలు సంబరం గీయలేని త్రిభుజంతోనే. 3, 4, 8 ఇచ్చి, చాపాలు కలవక పిల్లలు తంటాలు పడుతుంటే లోలోపల నవ్వుకుంటాడు. రెండు భుజాల మొత్తం మూడోదానికంటే ఎక్కువని యూక్లిడ్ పనిగట్టుకుని నిరూపిస్తే, అది గాడిదకు కూడా తెలుసని ఎపిక్యూరియన్లు ఎగతాళి చేశారట. గడ్డి దగ్గరికి గాడిద తిన్నగా పోతుందే గానీ, చుట్టు తిరిగి పోదు గదా!

ఈ పిచ్చి బడి గేటు దగ్గర ఆగదు. ఓ సాయంత్రం టీకొట్టు దగ్గర బ్రోకరొకడు కాగితం చాపాడు. కోడూరు బీచి వైపు, రోడ్డు పక్కన మూడు మూలల స్థలం. కొలతలు 30, 40, 75 అడుగులు.

"అంకణం 72 చదరపు అడుగుల లెక్కన ఎన్ని అంకణాలొస్తాయి సార్?" అన్నాడు కొనబోయే ఆయన.

సారు కాగితం వెనక చిత్తుపటం గీశాడు. "ఒక్కటీ రాదు. 30, 40 కలిపినా 70 దాటలేదు. ఈ స్థలం భూమ్మీద లేదు."

బ్రోకరుకి చిర్రెత్తింది. "రోడ్డు పక్కనే సార్, గాడిదకైనా కనపడతాది!"

"గాడిదకైతే ఈ లెక్క ముందే తెలుసబ్బయా," అన్నాడు సారు.